బిడ్డ సద్ది

ఈ పాఠం సద్ది గురించి. నలుగురు కూర్చుని చదవండి. ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినండి. తెలియని మాట దగ్గర ఆగి అడగండి.

సద్ది మనకు కొత్త కాదు

నాటుకు పోయినా, పత్తి ఏరను పోయినా మనం సద్ది కట్టుకుని పోతాం. పెద్దల మాట సద్దిమూట అంటాం. పెద్దల మాట ఆపదలో ఆదుకుంటుంది. సద్దిమూట ఆకలిలో ఆదుకుంటుంది. అందుకే ఆ రెండింటినీ కలిపి చెప్పారు.

బతుకమ్మ పండుగ చివరి రోజును సద్దుల బతుకమ్మ అంటాం. ఆ రోజు ఎన్ని సద్దులు చేస్తాం? నువ్వుల సద్ది, పల్లి సద్ది, పెరుగు సద్ది, చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది. బెల్లం కలిపిన మలీద ముద్దలు కూడా చేస్తాం. ఈ సద్దుల్లో పెద్ద ఖర్చు లేదు. కానీ బలం ఉంది. పండుగ నాడు బతుకమ్మకు పెట్టే సద్ది, కాలేజీకి పోయే మన బిడ్డకు రోజూ ఎందుకు పెట్టకూడదు?

బడి దాటిన తర్వాత

మన రఘునాథపల్లి కాజీపేట, సికింద్రాబాద్ రైలు దారి మీద ఉంది. వరంగల్, హైదరాబాద్ రోడ్డు మీద కూడా ఉంది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడింది. అంతకు ముందు మనది వరంగల్ జిల్లా. పదో తరగతి అయిన పిల్లలు చాలామంది పై చదువుకు జనగామ పోతారు. కొందరు వరంగల్ పోతారు.

పిల్లలు బడిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం అన్నం బడిలోనే దొరికేది. ప్రభుత్వ బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. 2003లో మన దగ్గర ప్రాథమిక బడుల్లో ఈ భోజనం మొదలైంది. తర్వాత పదో తరగతి దాకా వచ్చింది. బడి దాటి పై చదువుకు పోయిన బిడ్డలు చాలామంది తమ సద్ది తామే తీసుకుపోవాలి.

ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేకుండా పోయే పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆడపిల్లకు దారి ఖర్చు తగ్గింది. ఇక మిగిలింది ఆకలి.

తల్లీ బిడ్డల మాట

ఒక ఇంట్లో సాయంత్రం ఇట్లా మాట్లాడుకున్నారు.

తల్లి: ఏంది బిడ్డా, మొఖం గుంజుకపోయింది. పొద్దున ఏం తిన్నవు?

బిడ్డ: చాయ తాగిపోయిన అమ్మా. బస్సు పోతదని ఉరికిన.

తల్లి: మరి పగటీలి?

బిడ్డ: రెండు సమోసాలు తిన్న. పగటి క్లాసుల కండ్లు తిరిగినట్టయింది. సారు చెప్పింది ఒక్క ముక్క ఎక్కలే.

తల్లి: రోజూ గిట్లనే అయితే చదువు ఎట్ల సాగుతది? మానేసి ఇంటి కాడ ఉండరాదు?

బిడ్డ: చదువు ఎందుకు మానాలె అమ్మా? ఆకలి మానిపిస్తే సరిపోదా?

తల్లి: నేను ఏడింటికే కూలికి పోవాలె. సద్ది ఎప్పుడు చెయ్యాలె?

బిడ్డ: నువ్వొక్కదానివే ఎందుకు చెయ్యాలె? రాత్రి నేను గింజలు నానబెడ్త. తమ్ముడు పొడి దంచుతడు. నాయిన నీళ్లు పట్టి పొయ్యి ముట్టిస్తడు. పొద్దున అరగంటల అయిపోతది.

బిడ్డ మాట నిజం. ఆమెకు చదువు రాక కాదు, కడుపులో బలం లేక కళ్లు తిరిగాయి. చదువు మానిపించడం సులభం. మళ్లీ మొదలుపెట్టడం కష్టం. ఆ సంగతి పెద్దయ్యాక పలక పట్టిన మనకంటే బాగా ఎవరికి తెలుసు?

రక్తం తక్కువైతే

ఒంట్లో రక్తం తక్కువగా ఉండడాన్ని రక్తహీనత అంటారు. రక్తానికి ఇనుము కావాలి. అది తిండిలో నుండి రావాలి. ఆడపిల్లకు నెలనెలా రక్తం పోతుంది. కనుక ఆమెకు ఇనుము ఇంకా ఎక్కువ కావాలి.

2019–21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల ఆడవాళ్లు నూరు మందిని తీసుకుంటే, 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని తేలింది. అంటే సగం మందికంటే ఎక్కువ. మన వీధిలో పది ఇండ్లు లెక్కపెట్టి చూడండి.

రక్తం తక్కువైతే కనిపించే గుర్తులు ఇవి:

- కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది.
- కొంచెం నడిస్తేనే ఆయాసం వస్తుంది.
- కళ్లు తిరుగుతాయి. తల నొప్పి వస్తుంది.
- చదివింది మనసుకు ఎక్కదు. ఎప్పుడూ నిద్ర వచ్చినట్టు ఉంటుంది.

ఈ గుర్తులు ఉంటే బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. అక్కడ రక్త పరీక్ష చేస్తారు. 12 ఏళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తం తక్కువని అర్థం. చీటీ మీద ఆ అంకె రాసి ఉంటుంది. ఇప్పుడు మనకు అంకెలు వచ్చు. మనమే చదువుకోవచ్చు.

పిల్లలకు వారానికి ఒక ఇనుము మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. బడి మానేసిన ఆడపిల్లలకు కూడా ఇది ఉంది. ఆశా అక్కను, అంగన్‌వాడీ టీచరును అడగండి. కడుపులో నులిపురుగులు ఉన్నా రక్తం తగ్గుతుంది. దానికీ మాత్ర ఇస్తారు. మాత్ర వేసుకున్నా మంచి తిండి మానకూడదు.

సద్దిలో ఏమేమి ఉండాలి?

రేషను షాపులో 2025 ఏప్రిల్ నుండి సన్న బియ్యం ఇవ్వడం మొదలైంది. మనిషికి 6 కిలోలు. కాబట్టి చాలా ఇండ్లలో అన్నానికి లోటు లేదు. అయితే ఒక్క అన్నంతో కడుపు నిండుతుంది గానీ ఒంటికి బలం చాలదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఏ గింజలో ఎంత బలం ఉందో ఆ సంస్థ 2017లో ఒక పట్టిక అచ్చువేసింది. అందులో నుండి కొన్ని అంకెలు చూడండి. ఒంటిని పెంచే బలాన్ని మాంసకృత్తులు అంటారు. ఇవి 100 గ్రాముల గింజలకు సుమారు లెక్కలు:

- బియ్యం: మాంసకృత్తులు 8 గ్రాములు. ఇనుము 1 మిల్లీగ్రాము కూడా లేదు.
- జొన్నలు: మాంసకృత్తులు 10 గ్రాములు. ఇనుము 4 మిల్లీగ్రాములు.
- సజ్జలు: మాంసకృత్తులు 11 గ్రాములు. ఇనుము 6 మిల్లీగ్రాములు.
- పెసలు: మాంసకృత్తులు 22 గ్రాములు. ఇనుము 5 మిల్లీగ్రాములు.
- ఉలవలు: మాంసకృత్తులు 22 గ్రాములు. ఇనుము 9 మిల్లీగ్రాములు.
- పల్లీలు: మాంసకృత్తులు 24 గ్రాములు. ఇనుము 3 మిల్లీగ్రాములు.

ఉలవలను ఎడ్లకు పెట్టే గింజ అని కొందరు చిన్నచూపు చూస్తారు. అంకెలు చూస్తే ఆ గింజ ఎంత గొప్పదో తెలుస్తుంది. ఎద్దుకు బలమిచ్చే గింజ బిడ్డకు బలమివ్వదా?

కనుక సద్దిలో నాలుగు ఉండాలి.

ఒకటి, అన్నం లేదా రొట్టె.
రెండు, పప్పు, గుడాలు, పల్లీలు, గుడ్డు. వీటిలో ఏదైనా ఒకటి.
మూడు, ఆకుకూర లేదా కూరగాయ.
నాలుగు, నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ. వీటిలో ఏదైనా ఒకటి.

నాలుగోది ఎందుకు? నిమ్మ, జామ, ఉసిరిలో ఉండే సి విటమిను, తిండిలోని ఇనుము ఒంటికి పట్టేటట్టు చేస్తుంది. టీ దీనికి తిరగబడి పనిచేస్తుంది. ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అందుకే అన్నం తిన్న వెంటనే టీ తాగవద్దు. కనీసం ఒక గంట ఆగాలి.

ఇంట్లో చేసుకునే నాలుగు పనులు

ఇవి చేయడానికి పెద్ద ఖర్చు లేదు. పాత వస్తువులు చాలు. ఒక ఆదివారం మొదలుపెట్టవచ్చు.

*1. బకెట్లలో ఆకుకూర*

పగిలిన బకెట్లు, పాత డబ్బాలు, ఖాళీ సంచులు నాలుగు తీసుకోండి. అడుగున వేలు పట్టే రంధ్రాలు మూడు చేయండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు చివికిన పెంటఎరువు కలిపి నింపండి. ఎండ తగిలే చోట పెట్టండి.

విత్తనాలు కొనాలని లేదు. పోపుడబ్బాలోని మెంతులు చల్లితే మెంతికూర వస్తుంది. ధనియాలను చేతితో రెండు బద్దలుగా నలిపి చల్లితే కొత్తిమీర వస్తుంది. తోటకూర విత్తనాలు పక్కింటి వాళ్లను అడిగి తెచ్చుకోండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. సబ్బు నీళ్లు పోయకండి.

నాలుగు బకెట్లలో ఒకేసారి విత్తవద్దు. వారానికి ఒక బకెట్ విత్తండి. మూడు, నాలుగు వారాలకు మొదటి బకెట్ కోతకు వస్తుంది. అప్పటికి రెండోది ఎదుగుతూ ఉంటుంది. ఇట్లా ఆకు తెగకుండా వస్తుంది.

వానకాలంలో ఒక మునగ కొమ్మ నాటండి. మునగాకు మంచి ఆకుకూర. దానిని నీడలో ఎండబెట్టి పొడి చేసి కూడా దాచుకోవచ్చు. చెలకలో తనంతట తాను మొలిచే గంగవాయిలి కూరను మరిచిపోవద్దు. కానీ పురుగుల మందు కొట్టిన చేనులో ఆకు కోయవద్దు.

*2. మొలకల మూట*

పెసలు గానీ ఉలవలు గానీ పొద్దున నానబెట్టండి. సాయంత్రం నీళ్లు వంచి, శుభ్రమైన తడి బట్టలో మూట కట్టి వేలాడదీయండి. బట్ట ఆరితే నీళ్లు చిలకరించండి. పెసలకు తెల్లారేసరికి మొలకలు వస్తాయి. ఉలవలకు ఇంకొక రోజు పడుతుంది. సద్దిలో పచ్చి మొలకలు పెట్టవద్దు. బాగా ఉడికించి పెట్టండి. బట్టను ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయండి.

*3. గడ్డి బుట్ట*

పొయ్యి మీద గంటసేపు ఉంచకుండా అన్నం వండే ఉపాయం ఇది. ఒక వెదురు బుట్ట తీసుకోండి. అడుగున, చుట్టూ వరిగడ్డిని నాలుగు వేళ్ల మందాన గట్టిగా కుక్కండి. మధ్యలో గిన్నె పట్టే గుంట ఉంచండి. పాత బట్టతో కుట్టిన సంచిలో గడ్డి నింపి పైన మూతగా పెట్టండి.

అన్నం పొయ్యి మీద పెట్టి, తెర్లడం మొదలయ్యాక 5 నిమిషాలు ఉంచండి. మూత బిగించి, గిన్నె అడుగున నిప్పు కణాలు లేకుండా తుడిచి, బుట్టలో పెట్టి కప్పండి. సుమారు 40 నిమిషాల్లో తన వేడికి తానే ఉడుకుతుంది. ఈ లోపు మనం వాకిలి ఊడ్చుకోవచ్చు, తల దువ్వుకోవచ్చు. గ్యాసూ మిగులుతుంది, కట్టెలూ మిగులుతాయి. బుట్టను పొయ్యికి దూరంగా పెట్టండి. ఉడికిన అన్నాన్ని గంటల తరబడి బుట్టలో ఉంచవద్దు. పాడవుతుంది.

*4. సద్ది సంచి*

పాత ప్యాంటు కాలును మోకాలి కింద కత్తిరించండి. ఒక వైపు కుట్టండి. రెండో వైపు అంచు మడిచి నాడా దూర్చండి. సంచి తయారైంది. మందం బట్ట కనుక డబ్బా ఒరిగినా పుస్తకాలకు నూనె అంటదు. వారానికి రెండుసార్లు ఉతకండి.

అరగంటలో సద్ది

*పల్లి నువ్వుల పొడి*

ఆదివారం చేసి పెట్టుకోండి. పల్లీలు ఒక గ్లాసు, నువ్వులు అర గ్లాసు, ఎండు మిరపకాయలు 6, ఎల్లిపాయ రెబ్బలు 8, ఉప్పు తగినంత. పల్లీలు, నువ్వులు, మిరపకాయలు వేరువేరుగా వేయించండి. చల్లారాక అన్నీ కలిపి దంచండి. తడి లేని సీసాలో పెడితే పది రోజులు ఉంటుంది. పొద్దున అన్నంలో మూడు చెంచాల పొడి, పోపు, కల్యామాకు, నిమ్మరసం కలపండి. పక్కన ఆకుకూర వేపుడు పెట్టండి. ఇదే మన పల్లి సద్ది.

*ఆకుకూర కిచిడి*

బియ్యం ఒక గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు కడగండి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర నూనెలో వేయించండి. రెండు పిడికిళ్ల తోటకూర లేదా మునగాకు వేయండి. బియ్యం, పప్పు, పసుపు, ఉప్పు, మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి ఉడికించండి. ఒకటే గిన్నె, ఒకటే పొయ్యి. ఇది ఇద్దరికి సరిపోతుంది.

*గుడాలు, జొన్న రొట్టె*

బొబ్బెర్లు లేదా శనగలు రాత్రి నానబెట్టండి. పొద్దున మెత్తగా ఉడికించి ఎల్లిపాయ కారంతో పోపు పెట్టండి. దించాక నిమ్మకాయ పిండండి. జొన్న రొట్టెతో పెట్టండి. రొట్టె చల్లారినా పిల్లలు తినాలంటే కొంచెం మెంతికూర సన్నగా తరిగి పిండిలో కలపండి.

*సర్వపిండి*

ఇది మన వైపు వంట. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కల్యామాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలపండి. తరిగిన ఆకుకూర కూడా వేయండి. నూనె రాసిన గిన్నెలో వత్తి, అక్కడక్కడ వేలితో రంధ్రాలు చేసి, మూత పెట్టి సన్నని మంట మీద కాల్చండి. దీనికి కూర అక్కరలేదు.

వారానికి ఇట్లా రాసి గోడకు అంటించుకోండి:

- సోమవారం: పల్లి సద్ది, తోటకూర వేపుడు.
- మంగళవారం: ఆకుకూర కిచిడి, నిమ్మ ముక్క.
- బుధవారం: అన్నం, పుంటికూర పప్పు.
- గురువారం: జొన్న రొట్టె, బొబ్బెర గుడాలు.
- శుక్రవారం: అన్నం, ఉలవ మొలకల కూర, జామకాయ.
- శనివారం: సర్వపిండి, ఉడికించిన గుడ్డు.

సాయంత్రం సమోసాకు బదులు సజ్జ మలీద ముద్ద ఒకటి ఇవ్వండి. వేడి సజ్జ రొట్టె, బెల్లం, దంచిన పల్లీలు కలిపి ముద్ద చేస్తే చాలు.

సద్ది పాడవకుండా

- వేడి అన్నానికి వెంటనే మూత బిగించవద్దు. పళ్లెంలో పరిచి ఆవిరి పోయాక డబ్బాలో పెట్టండి.
- ఎండకాలంలో నీళ్లగా ఉండే పప్పు తొందరగా పులుస్తుంది. ఆ రోజుల్లో పొడి సద్ది, చింతపండు సద్ది, రొట్టె మంచివి.
- రాత్రి మిగిలిన అన్నాన్ని మధ్యాహ్నం సద్దికి కట్టవద్దు.
- వాసన మారినా, జిగురు సాగినా తినవద్దు.
- డబ్బా మూత అంచులు తోమి ఎండలో ఆరబెట్టండి.
- తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని బిడ్డకు చెప్పండి.
- నూనె, పప్పు ప్యాకెట్ కొన్నప్పుడు దాని మీద తేదీ చదవండి. గడువు దాటితే దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి.

సద్ది లెక్క

ధరలు మారుతుంటాయి. ఇక్కడ లెక్క కోసం కొన్ని ధరలు వేశాం. మీ దుకాణంలోని ధర వేసి మీరు మళ్లీ చేయండి.

బయట తింటే: సమోసాలు 30 రూపాయలు, టీ 10 రూపాయలు. మొత్తం 40 రూపాయలు.

ఇంట్లో సద్ది: పెసలు కిలో 120 రూపాయలైతే, 50 గ్రాములకు 6 రూపాయలు. పల్లీలు కిలో 160 రూపాయలైతే, 25 గ్రాములకు 4 రూపాయలు. నూనె, ఉప్పు, పోపు 4 రూపాయలు. సగం నిమ్మకాయ 2 రూపాయలు. ఆకుకూర మన బకెట్‌లోది. బియ్యం రేషనుది. మొత్తం 16 రూపాయలు.

రోజుకు మిగిలేది: 40 – 16 = 24 రూపాయలు.

నెలకు 24 రోజులు కాలేజీ ఉంటే: 24 × 24 = 576 రూపాయలు.

ఈ డబ్బుతో నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు వెళ్లిపోతాయి. బిడ్డ కడుపూ నిండుతుంది.

ఒక్క మాట

మన ఇండ్లలో ముందు మగవాళ్లు తింటారు. తర్వాత పిల్లలు. చివర ఆడవాళ్లు తింటారు. గిన్నె అడుగున ఏది మిగిలితే అది తల్లికి, ఆడపిల్లకు దక్కుతుంది. పప్పు అడుగంటితే వట్టి అన్నమే దక్కుతుంది. రక్తం తక్కువ కావడం అక్కడే మొదలవుతుంది.

కనుక పొద్దున వండగానే ముందు బిడ్డ డబ్బా నింపండి. కొడుకైనా, బిడ్డైనా సమానంగా పెట్టండి. తల్లి కూలికి తీసుకుపోయే సద్దిలోనూ అదే పప్పు, అదే ఆకుకూర ఉండాలి. ఒక డబ్బాకు చేసే పనిలోనే రెండు డబ్బాలు అవుతాయి.

చర్చించండి

1. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు? ఎందుకు?
2. పొద్దున సద్ది పనిలో ఎవరు ఏ పని చేయవచ్చు?
3. కాలేజీ మానేసిన ఆడపిల్ల మీ వాడలో ఉందా? ఆమెను మళ్లీ పంపాలంటే ఏం చేయాలి?

లెక్క చేయండి

1. నెలకు 576 రూపాయలు మిగిలితే 10 నెలలకు ఎంత?
2. కిలో శనగలు 100 రూపాయలైతే 50 గ్రాములకు ఎంత?

రాయండి

1. రక్తం తక్కువైతే కనిపించే గుర్తులు మూడు రాయండి.
2. రేపటి సద్దిలో ఏం పెడతారో నాలుగు మాటల్లో రాయండి. దానిని మీ బిడ్డకు చదివి వినిపించండి.
3. ఈ మాటలు చూసి రాయండి: సద్ది, ఇనుము, రక్తం, మొలక, పల్లీలు, ఆకుకూర, బలం, చదువు.